కలువ లాంచీ, బిగింపు గంట

అనగా అనగా, ఏరు పొగమంచు దుప్పటి కప్పుకుని పడుకునే రోజుల్లో, ఏడు లంకల రాజ్యం ఒకటి ఉండేది.

ఏటి నడుమ ఏడు లంకలు, ఏడు తామరాకుల్లా. తెల్లవారుజామున రేవులో నిలబడి చూస్తే ఏది నీరో, ఏది మంచో, ఏది ఆకాశమో తెలిసేది కాదు. కొంగ ఎగురుతుంటే, అది పైన ఎగురుతోందా, తమ పక్కన ఈదుతోందా అని చేపలకే అనుమానం వచ్చేది.

ఆ రాజ్యానికి రాజు దృఢవర్మ. మంచివాడు. ఆకలన్నవాడికి అన్నం పెట్టేవాడు, తప్పన్నది చేసేవాడు కాదు. కానీ ఆయనకొక భయం ఉంది. పులంటే కాదు, పామంటే కాదు. వదులంటే భయం.

ఆ భయం చిన్నప్పుడు పట్టుకుంది. అప్పుడాయనకు ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ చెల్లెలు ఇందుమతిని చిన్న పడవలో కూర్చోబెట్టి, పడవని రేవు గుంజకి తన చేతుల్తోనే కట్టి, ఇదిగో పూలు తెస్తానని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఏరు పొంగి ఉంది. గుంజ మునిగిపోయింది. పడవ లేదు.

రాజ్యమంతా మూడు రోజులు వెతికింది. మూడో రోజున ఏడో లంకలో, చేపలు పట్టుకునే ఎల్లమ్మ గుడిసెలో పాప దొరికింది. గంజి తాగి, మూతి తుడుచుకోకుండా నవ్వుతోంది.

పాప నవ్వింది. అన్న మాత్రం ఆ రోజునుంచి మనసారా నవ్వలేదు. "నేనే వదులుగా కట్టాను" అనుకున్నాడు. ఆ మాట ఆయనతో పాటు పెరిగింది. ఆయనతో పాటే సింహాసనం ఎక్కింది.

రాజు కాగానే రేవులో పెద్ద గంట కట్టించాడు. దాని పేరు బిగింపు గంట. రోజూ పొద్దు పొడిచే వేళ అది మోగేది. మోగగానే ఏడు లంకల్లోనూ ఎవరి దగ్గరున్నవి వాళ్ళు ఒక్క పట్టు బిగించాలి. మంచానికి నులక, గడపకి కీలు, తలకి పాగా, పిల్లకి జడ. నిన్న బిగించినదైనా సరే, ఇవాళ మళ్ళీ ఒక పట్టు.

"అమ్మా, కళ్ళు మూతపడటం లేదే!" అని జడ వేయించుకున్న పిల్లలు ఏడ్చేవాళ్ళు.

"రాజుగారి గంట తల్లీ, నేనేం చెయ్యను?" అనేవాళ్ళు తల్లులు.

నులక మంచాలు పుటుక్కున తెగేవి. పాగాలు చుట్టుకున్న పెద్దమనుషులకి తలనొప్పులు. వీణ తీగలు ఒక్కొక్కటే తెగిపోయాయి. డప్పుల తోళ్ళు పగిలిపోయాయి. అలా ఆ రాజ్యంలో పాట ఆగిపోయింది. ఆగిందని కూడా ఎవరూ గమనించలేదు. ఎవరి బిగింపులో వాళ్ళున్నారు మరి.

ఆ రేవులోనే ఒక లాంచీ ఉండేది. దాని పేరు కలువ. తెల్లటి లాంచీ. నీలం అంచు. రాజుల కాలంలో లాంచీ ఎలా వచ్చిందని అడగకండి. కల్లోకి ఏనుగు ఏ తలుపునుంచి వస్తుందో, కథలోకి లాంచీ కూడా అక్కణ్ణుంచే వస్తుంది.

కలువని నడిపే సరంగు పేరు గవర్రాజు. నెమ్మదైనవాడు. ఇంజను చప్పుడు విని దానికి ఆకలో, దాహమో చెప్పగలడు. "టుక్ టుక్ టుక్" అని అది పాడుతుంటే, ఆ రాజ్యంలో మిగిలిన పాట అదొక్కటే.

ఇంజను నెత్తిమీద ఒక రేకు మూత ఉంటుంది. దాన్ని సరంగులు ట్యాపెట్ కవరంటారు. ఆ మూత కింద వాల్వులు పైకీ కిందికీ గంతులేస్తుంటాయి. వాటి ఒళ్ళు కాలకుండా నూనె చిమ్ముతూ ఉంటుంది. ఆ నూనె బయటికి రాకుండా మూతకీ ఇంజనుకీ మధ్య మెత్తటి బెండు పట్టీ ఒకటి వేస్తారు. దాని పేరు ప్యాకింగు. మూత చుట్టూ ఎనిమిది బోల్టులు.

రోజూ గంట మోగగానే గవర్రాజు పానా తీసుకుని ఆ ఎనిమిదింటినీ వెంట్రుకవాసి తిప్పేవాడు. చెయ్యకపోతే రాజాజ్ఞ తప్పినట్టే కదా!

ఏడాది గడిచింది. రెండేళ్ళు గడిచాయి. మూడో ఏట ఒక పొద్దున మూత అంచునుంచి ఒక నూనె చుక్క తొంగిచూసింది. గవర్రాజు భయపడి బోల్టుని ఇంకొంచెం బిగించాడు. మర్నాటికి రెండు చుక్కలయ్యాయి. ఇంకా బిగించాడు. వారానికి పది చుక్కలయ్యాయి.

"ఏంటి గవర్రాజూ, నీ లాంచీకి జలుబు చేసిందా?" అని అడిగింది సూరాంబ.

సూరాంబ పచ్చళ్ళ వ్యాపారం చేసే మనిషి. పొట్టిగా, ఎండుమిరపకాయలా చురుగ్గా ఉంటుంది. ఊరంతా ఆవిణ్ణి పచ్చళ్ళ పిన్ని అంటారు. రోజూ జాడీలతో కలువ ఎక్కి, లంక లంకకీ తిరిగి ఆవకాయ, మాగాయ అమ్ముకొస్తుంది.

"ఎంత బిగించినా కారుతూనే ఉంది పిన్నీ" అన్నాడు గవర్రాజు.

"ఎంత బిగించినా కాదేమో! అంత బిగించావు గనకేమో?"

"ష్! మెల్లగా అను పిన్నీ. గంట వింటుంది!" అన్నాడతను.

అలా ఉండగా ఆషాఢం వచ్చింది. ఒక పొద్దున తెల్లకొంగ ఒకటి రాజుగారి మేడ మీద వాలి, ఒంటికాలి మీద నిలబడింది.

"మహారాజా, ఎగువ కొండల్లో వానలు కుమ్మేస్తున్నాయి. ఎర్రనీరు బయల్దేరింది. ఎల్లుండి మిట్టమధ్యాహ్నానికి ఇక్కడుంటుంది" అంది.



ఏడు లంకల్లో ఆరు మెరక మీద ఉన్నాయి. ఏడోది పల్లం. ఎర్రనీరొస్తే ముందు మునిగేది అదే. అక్కడ నలభై గడపలున్నాయి. ఇప్పుడక్కడ ఇందుమతి కూడా ఉంది. తనకు గంజి పోసిన ఎల్లమ్మని ఆమె "మూడు రోజుల అమ్మా" అని పిలుచుకుంటుంది. ఏటా ఈ రోజుల్లో వెళ్ళి ఆ గుడిసెలోనే నెల రోజులుండి వస్తుంది.

ఆ లంక చుట్టూ సుడులు. తెడ్డేసే పడవలు అక్కడ నిలవవు. వెళ్ళగలిగేది కలువ ఒక్కటే.

రాజు రేవుకి పరుగెత్తుకొచ్చాడు. గవర్రాజు ఇంజను తిప్పాడు. కలువ వంద బారలు పోయిందో లేదో, మూత అంచునుంచి నూనె కారి, కింద కాలే గొట్టం మీద పడి గుప్పున పొగ లేచింది. నూనె సగానికి దిగిపోయింది. ఇంకొంచెం పోతే ఇంజను పట్టేస్తుంది. గవర్రాజు గుడ్ల నీళ్ళు కుక్కుకుని లాంచీని వెనక్కి తిప్పాడు.

"నూనె ఎందుకు కారుతోంది?" అన్నాడు రాజు.

గవర్రాజు నోరు తెరిచాడు. కానీ తలెత్తితే ఎదురుగా గంట కనిపించింది. నోరు మూసుకున్నాడు.

"వదులు! వదులుండబట్టే కారుతోంది!" అన్నాడు రాజు. "మన రాజ్యంలో అందరికన్నా బలవంతుణ్ణి పిలవండి!"

వీరజెట్టి వచ్చాడు. వస్తాదు. అతను నడుస్తుంటే రేవు మెట్లు సర్దుకునేవి.

"ఈ చేత్తో కొబ్బరికాయని పీచు తియ్యకుండా పగలగొడతాను ప్రభూ!" అన్నాడు తొడ చరిచి.

"అయితే కొబ్బరికాయ దగ్గరికెళ్ళు నాయనా. దీన్నెందుకు పట్టుకుంటావు?" అంది సూరాంబ జాడీల మధ్యనుంచి.

"పచ్చళ్ళ మాట కాదమ్మా ఇది, పక్కకుండు" అన్నారెవరో.

వీరజెట్టి పానా పట్టి ఎనిమిది బోల్టులనీ ఒక్కో చుట్టు బిగించాడు. ఇంజను తిప్పారు. ఒక్క గడియ చుక్క రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో గడియలో బోల్టుకీ బోల్టుకీ మధ్యనుంచి నూనె సన్నటి ధారగా దిగింది. అప్పటిదాకా చుక్కలు, ఇప్పుడు ధార.

మొదటి రోజు పొద్దు కుంకింది.

రెండో రోజు పొద్దున్నే గంట మోగింది. రాజ్యమంతా బిగించుకుంది. రాజు ఇంకా గట్టిగా ఆలోచించాడు. "ఒక్కడి బలం చాలలేదు. ముగ్గురి బలం కావాలి."

పానా పిడికి బారెడు ఇనప గొట్టం తొడిగారు. వీరజెట్టి, అతని ఇద్దరు తమ్ముళ్ళు ఆ గొట్టం పట్టుకుని "హైలెస్సా!" అని లాగారు.

"టంగ్!"

బోల్టు తల తెగి ఎగిరింది. లాంచీ కప్పు మీద వాలిన కొంగ రెక్క పక్కనుంచి పోయి, ఏట్లో బుడుంగున మునిగింది.

"మహారాజా, నేను వార్త తెచ్చినదాన్ని! నన్నెందుకు కొట్టించడం?" అని కొంగ లేచి ఇంకో కాలి మీదికి మారింది.

ఎవరూ నవ్వలేదు. ఇంజను తిప్పి చూస్తే నూనె ఇప్పుడు ధార కాదు, చిమ్మనగ్రోవి. ప్యాకింగు నలిగి, పిండిముద్దలా పక్కలనుంచి బయటికొచ్చింది.

మిట్టమధ్యాహ్నమైంది. ఎగువన ఆకాశం రాగి చెంబులా ఎర్రబడుతోంది. ఏటి నీటిలో అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రటి చారలు, మెల్లగా, కల్లో పాముల్లా జారిపోతున్నాయి.

రాజు ఎగువకి చూశాడు. "ఏనుగుని తీసుకురండి" అన్నాడు.

పట్టపుటేనుగు పేరు కరిమబ్బు. నల్లటి మేఘం నేల మీదికి దిగి నడిచొచ్చినట్టు వచ్చింది. దాని తొండానికి పానా అందించారు. ఏనుగు పానాని చూసింది. మూతని చూసింది. తెగిన బోల్టు చోటు చూసింది. చూసి, పానాని మెల్లగా మెట్టు మీద పెట్టేసింది.

"నేను చెయ్యను ప్రభూ" అంది.



"నీకు బలం లేదా?" అన్నాడు రాజు.

"బలానికేం, తాడిచెట్టుని పెకలిస్తాను. కానీ ప్రభూ, ఇదే తొండంతో నేను వేరుశనగ పప్పుని, దాని మీది ఎర్రపొర నలగకుండా తీసి పాపాయి అరచేతిలో పెడతాను. ఏ పనికి ఎంత బలమో తెలుసు గనకే నన్ను పిల్లల మధ్య తిరగనిస్తున్నారు. ఈ పనికి నా బలం కాదు కావలసింది."

"మరి ఎవరి బలం?"

ఏనుగు తొండం ఎత్తి, జాడీల మధ్య కూర్చున్న సూరాంబని చూపించింది. "ఈ పిన్ని జాడీలు మూడేళ్ళుగా నా వీపు మీదా, బండి మీదా, ఈ లాంచీ మీదా ఊగుతూ దొర్లుతూ తిరుగుతున్నాయి. ఇప్పటిదాకా ఒక్క నూనె చుక్క నా ఒంటి మీద పడలేదు."

రాజు సూరాంబ దగ్గరికి వచ్చాడు. జాడీ మూతికి గుడ్డ కప్పి, మెడ చుట్టూ తాడు కట్టి ఉంది. దాన్ని వాసెన అంటారు. రాజు వేలితో తట్టి చూశాడు. గుడ్డ చిన్న డప్పులా "డుం" అంది. చాలాకాలానికి ఆ రాజ్యంలో వినబడిన డప్పు చప్పుడది.

"ఇంత బాగా ఎలా బిగించావమ్మా? గంట మోగినప్పుడల్లా ఎంత బిగిస్తావు?"

సూరాంబ లేచి నిలబడింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"బిగించను దొరా" అంది.

"ఏమిటీ?"

"గంట మోగుతుంది. వాసెన మీద చెయ్యి వేస్తాను. సడలితే సరిచేస్తాను. సరిగ్గా ఉంటే చెయ్యి తీసేస్తాను. రోజూ ఒక పట్టు బిగిస్తూ పోతే గుడ్డ చిరుగుతుంది, పచ్చడి బూజుపడుతుంది. మీ ఆజ్ఞ తప్పాను, నిజమే. శిక్షించండి. కానీ దొరా, ముందు లాంచీ కదలనివ్వండి, తర్వాత శిక్షించండి."

ఆ మాట విని గవర్రాజు వచ్చి రాజు కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "తప్పు నాది ప్రభూ. మూడేళ్ళుగా రోజూ ఒక పట్టు బిగించాను. ఇంజను మూలుగుతుంటే నా చెవులకి వినబడింది. చెప్పడానికి భయమేసింది. ఈ పిన్నికున్న ధైర్యం నాకు లేకపోయింది."

రాజు ఏటి వంక చూశాడు. ఎర్రచారలు ఇందాకటికన్నా చిక్కబడ్డాయి.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు.

"ముందు విప్పాలి దొరా" అంది సూరాంబ.

"విప్పడమా!" రాజు ముఖం తెల్లబోయింది. ఆ రాజ్యంలో ఆ మాట అన్నవాళ్ళే లేరు.

"విప్పకుండా కొత్తగా కట్టేదెలా బాబూ? ముడి పాడైతే దాని మీద ఇంకో ముడి వేస్తే రెండూ పాడవుతాయి."

రాజు కళ్ళు మూసుకున్నాడు. ఎనిమిదేళ్ళప్పటి రేవూ, మునిగిన గుంజా కళ్ళ ముందు ఆడాయి. కళ్ళు తెరిచి, "విప్పు గవర్రాజూ" అన్నాడు. ఆ రెండు మాటలకీ ఆయనకు పట్టిన చెమట, సింహాసనం మీద ఇన్నేళ్ళలో పట్టలేదు.

ఇంజను చల్లారేదాకా ఆగారు. గవర్రాజు ఒక్కో బోల్టూ విప్పాడు. మూత తీశాడు. తల తెగిన బోల్టు మొండెం పైకి కనిపించింది. పట్టకారుతో పట్టి మెల్లగా తిప్పితే, పాలపన్నులా ఊడొచ్చింది. దాని బదులు పెట్టెలోంచి కొత్త బోల్టు తీసి పక్కన పెట్టుకున్నాడు.

సూరాంబ ఆ మూతని నున్నటి నాపరాయి మీద బోర్లించి, కిందికి వంగి చూసింది. "దొరా, మీరూ చూడండి."

రాజు రేవు మెట్ల మీద మోకాళ్ళేసి, చెంప రాయికానించి చూశాడు. మూత అంచు బోల్టు ఉన్న చోటల్లా లోపలికి కుంగిపోయింది. బోల్టుకీ బోల్టుకీ మధ్య విల్లులా పైకి లేచింది. ఆ సందుల్లోంచి సాయంకాలపు వెలుగు సన్నసన్నగా రాలుతోంది.

"వెలుగు పోయే దారిలో నూనె పోదా?" అంది సూరాంబ. "ఒక్కచోట నొక్కితే పక్కచోట లేస్తుంది. ఇంకా నొక్కితే ఇంకా లేస్తుంది. కారేది వదులై కాదు బాబూ, నొప్పై."

గవర్రాజు చిన్న చెక్క సుత్తి తీసుకుని కుంగిన చోటల్లా మెత్తగా తట్టాడు. తట్టడం, రాయి మీద పెట్టి చూడటం. తట్టడం, చూడటం. ఒక్కో వెలుగు గీతే ఆరిపోతూ వచ్చింది. చివరి గీత కూడా ఆరింది.

పాత ప్యాకింగు ముక్కలన్నీ గోరుతో గీకి, గుడ్డతో తుడిచారు. "జాడీ అంచున ఒక్క కారపు పలుకున్నా వాసెన కుదరదు. ఇంకోసారి తుడు" అంది సూరాంబ. ఇంకోసారి తుడిచారు. ఆవిడ వేలితో రాసి చూసి, వేలు చూపించి, "ఇంకోసారి" అంది.

లాంచీ గోడకి మేకుకి ఒక కొత్త ప్యాకింగు వేలాడుతోంది. మూడేళ్ళుగా వేలాడుతూనే ఉంది. విప్పితే కదా మార్చడం! ఎండి బిరుసెక్కింది. గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచితే మెత్తబడి వంగింది. తడి ఒత్తి, దాన్ని దాని చోట పడుకోబెట్టారు. మీద మూత పెట్టారు.

వీరజెట్టి ముందుకొచ్చాడు. "పానా ఇవ్వండి, నేను..."

"నువ్వు ఇటు రా నాయనా, ఈ దీపం పట్టుకో. చెయ్యి కదపకుండా పట్టుకో. అది నీ బలానికి తగ్గ పని" అంది సూరాంబ. వీరజెట్టి దీపం పట్టుకున్నాడు. పాపం, అది కొబ్బరికాయకన్నా కష్టంగానే ఉంది.

"గవర్రాజూ, ముందు అన్నీ వేళ్ళతోనే తిప్పు. వేళ్ళు ఆగిన చోట ఆగు. ఇప్పుడు పానా తీసుకో. పిడి చివర పట్టుకోకు, మెడ దగ్గర పట్టుకో. రెండు వేళ్ళు చాలు. నడుమనున్న బోల్టు ఒక పిసరు. ఇప్పుడు దాని ఎదుటిది ఒక పిసరు. వాసెన గుడ్డ ఈ కొస లాగితే ఆ కొస కూడా లాగాలి కదా? అలాగే. నడుమనుంచి చివరలకి రా. చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికి రా. అందరికీ సమంగా పంచు, పిల్లలకి బెల్లం ముక్క పంచినట్టు."

మూడుసార్లు తిరిగొచ్చాడు గవర్రాజు. మూడోసారి ప్యాకింగు అంచు, పాలు తాగిన పిల్లి పెదవిలా, రవ్వంత ఉబ్బింది.

"చాలు" అంది సూరాంబ.

"ఇంతేనా?" అన్నాడు రాజు.

"ఇంతే."

"ఒక్క పట్టు... ఒక్కటంటే ఒక్కటి..."

"బాబూ," అంది సూరాంబ మెత్తగా, "ఆ ఒక్క పట్టే మిమ్మల్ని ఇంతదాకా తెచ్చింది."

నూనె నింపి, ఇంజను తిప్పి చూశారు. టుక్ టుక్ టుక్. అందరూ ఊపిరి బిగబట్టి మూత అంచునే చూస్తున్నారు. చుక్క లేదు. కొంగ కూడా రెండో కాలు కిందికి దించి మరీ చూసింది. చుక్క లేదు.

మూడో రోజు ఇంకా పొద్దు పొడవకముందే కలువ బయల్దేరింది. గవర్రాజు చుక్కాని దగ్గర, రాజు ఇంజను దగ్గర. మంచు ఎంత దట్టంగా ఉందంటే లాంచీ నీటి మీద పోతోందో, మబ్బుల మీద పోతోందో తెలియలేదు. ఎర్రనీరు కింద మెల్లగా గొణుక్కుంటోంది.

నట్టేటికి చేరేసరికి, వెనక రేవులోంచి మంచుని చీల్చుకుంటూ గంట వినబడింది.

డాంగ్... డాంగ్... డాంగ్...

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. రాజు చెయ్యి రాజుకి తెలియకుండానే పానా అందుకుంది. పానా బోల్టు మీద కూర్చుంది. ఎదురుగా సుడులు. కింద ఎర్రనీరు. అవతల చెల్లెలు, నలభై గడపలు. గుండెలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు అరుస్తున్నాడు, "వదులుగా ఉందేమో! బిగించు! ఇంకొక్క పట్టు!"

గవర్రాజు చూశాడు. ఈసారి నోరు మూసుకోలేదు.

"ప్రభూ! చెయ్యి వేసి చూడండి, అంతే. బిగించకండి!"

రాజు పానా తీసేశాడు. అరచేతిని మూత మీద వేశాడు. మూత వెచ్చగా ఉంది. కింద వాల్వులు గంతులేస్తున్నాయి, నిద్రలో నవ్వే పాప గుండెలా. అంచు చుట్టూ వేలితో రాసి, వేలు వెలుగులో పెట్టి చూసుకున్నాడు.

వేలు పొడిగా ఉంది.

పానా తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి, మూత వేసి, ఆ పెట్టె మీద తనే కూర్చున్నాడు.

కలువ ఏడో లంక చేరేసరికి జనమంతా గట్టున నిలబడి ఉన్నారు. దూడలు, కోడిపెట్టలు, మూటలు, పసిపిల్లలు. ఒకసారి, రెండోసారి, మూడోసారి, మూడు ప్రయాణాలు చేసింది కలువ. చివరి ప్రయాణంలో ముసలి ఎల్లమ్మ చెయ్యి పట్టుకుని ఇందుమతి ఎక్కింది. వాళ్ళ కాళ్ళు గట్టు వదిలిన కాసేపటికి గట్టు నీళ్ళలో కరిగిపోయింది.

ఇందుమతి అన్న పక్కన కూర్చుంది. ఒళ్ళో చిన్న మూట ఉంది.

"అన్నయ్యా, ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఇది దొరికింది. నేను కొట్టుకొచ్చిన పడవ ముక్కుకి ఉన్న తాడట. మూడు రోజుల అమ్మ దాచిందట."

రాజు చేతులు రాలేదు. ఆమే తాడుని ఆయన అరచేతిలో పెట్టింది. జానెడు తాడు. దాని కొస జారిన ముడిలా నున్నగా లేదు. పీచుపీచుగా, పువ్వులా విచ్చుకుని ఉంది.

"ఇది... తెగింది" అన్నాడు రాజు.

"జారిన తాడైతే కొస ఇలా ఉంటదా నాయనా?" అంది ఎల్లమ్మ. "ఎవరో పసివాడు ముద్దుగా, మూడు ముళ్ళేసి, రవ్వంత సందు లేకుండా బిగించి కట్టాడు. ఏరు పొంగితే పడవ పైకి లేవొద్దా? తాడు లేవనిస్తేనా! పుటుక్కుమంది. అదేదో చెయ్యి జాగ్రత్త తెలిసిన చెయ్యే, ఏటి సంగతి తెలీని చెయ్యి అనుకున్నా ఆ రోజే."

"వదులుగా కట్టలేదన్నయ్యా నువ్వు" అంది ఇందుమతి. "భయపడి బిగించావు. అంతే."

రాజు ఆ తాడు కొసని చాలాసేపు చూశాడు. ముందు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. తర్వాత, ఏళ్ళ తరబడి ఎక్కడో ఇరుక్కుపోయిన నవ్వు మెల్లగా, తడబడుతూ, బయటికొచ్చింది. మంచులో ఆ నవ్వూ, ఇంజను పాటా కలిసి ఏటి మీద చాలా దూరం పోయాయి.

మర్నాడు పొద్దు పొడిచే వేళ గంట మళ్ళీ మోగింది. రాజు దాన్ని తీయించలేదు. పేరు మాత్రం మార్చాడు. ఇప్పుడది తడుము గంట. అది మోగగానే ఏడు లంకల్లోనూ అందరూ తమ తమ వాటి మీద మెత్తగా చెయ్యి వేసి చూస్తారు. సడలితే సరిచేస్తారు. సరిగ్గా ఉంటే చెయ్యి తీసేస్తారు. పిల్లల కళ్ళు హాయిగా మూతపడుతున్నాయి. వీణలకి కొత్త తీగలొచ్చాయి.

సూరాంబకి శిక్ష పడకపోలేదు. "ఆజ్ఞ తప్పావు గనక, ఏటా మొదటి ఆవకాయ జాడీ రాజుగారి ఇంటికే ఇవ్వాలి" అన్నాడు రాజు.

"ఇస్తాను దొరా. వాసెన మాత్రం నేనే విప్పుతాను. మీ చేతుల మీద నాకింకా నమ్మకం కుదరలేదు" అంది సూరాంబ.

కలువ ఇప్పటికీ మంచులో ఎక్కడో పోతూనే ఉంటుందట. ఏటి ఒడ్డున పడుకుని చెవి ఒగ్గితే టుక్ టుక్ టుక్ అని వినబడుతుందట. దాని మూత అంచున మాత్రం ఒక్క చుక్క ఉండదట.

ఎంతైనా బిగించగల చేతికన్నా, ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యే గట్టిది.